వేలి కొసన కువైట్

2022 ఆగస్టు నెలాఖర్లో హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర ఒక హోటల్ మీద రాచకొండ పోలీసులు దాడి చేశారు. ఆ కేసులో నలుగురు అరెస్టయ్యారు. పోలీసులు చెప్పినదాని ప్రకారం ఒకరు తిరుపతి పరిసరాల్లోని డయాగ్నొస్టిక్ సెంటర్లో రేడియోగ్రాఫర్. ఇంకొకరు తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే టెక్నీషియన్. వీళ్ళు చేస్తున్న పని వేలిముద్రలు మార్చడం. వేలి కొసన పైచర్మం కోసి, లోపల కాస్త కండ తీసి, మళ్ళీ కుట్టు వేస్తారు. గాయం మానేసరికి గీతలు చెదిరిపోతాయి. ఏడాదిపాటు పాత ముద్రతో కలవవు. ఆలోగా ఆధార్‌లో కొత్త ముద్రలు వేయించుకుని, కొత్త వీసాకు అర్జీ పెట్టుకోవాలి. మనిషికి 25 వేల రూపాయలు. రాజస్థాన్, కేరళ దాకా వెళ్ళి 11 మందికి ఈ కోతలు కోశారని కేసు.

కోయించుకున్నవాళ్ళు ఎవరంటే, కువైట్ నుంచి తిప్పి పంపిన కూలీలు. డిపోర్ట్ చేసేటప్పుడు అక్కడి ప్రభుత్వం వేలిముద్రలు తీసి పెట్టుకుంటుంది. మళ్ళీ ఆ విమానాశ్రయంలో దిగి అద్దం మీద వేలు పెడితే పాత చరిత్రంతా తెరమీదికొస్తుంది. వచ్చిన విమానంలోనే వెనక్కి. పేరు మార్చుకోవచ్చు, పాస్‌పోర్టు మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోవడమెట్లా అన్న ప్రశ్నకు మనవాళ్ళు తిరుపతిలో జవాబు వెతికారు. నేరమే, సందేహం లేదు. కానీ ఇటుకలు మోసి, గిన్నెలు తోమి బతికే మనిషి, తన బతుకుతెరువైన వేళ్ళనే కోతకు చాపాడంటే ఆ దేశం మీద రాయలసీమ ఎంతగా ఆధారపడిందో తెలుస్తుంది.

పీలేరు, కలికిరి, వాల్మీకిపురం, మదనపల్లె, ఇటు రాయచోటి, రాజంపేట, కోడూరు. ఈ వరసలో ఏ ఊళ్ళో అడిగినా "మా అక్క కువైట్‌లో ఉంది" అనేవాళ్ళు కనిపిస్తారు. వేరుశనగ ఎండిపోయిన ఏడు, బోరు అడుగంటిన ఏడు, కూతురి పెళ్ళి అప్పు మీదపడ్డ ఏడు ఒక పాస్‌పోర్టు బయల్దేరుతుంది. తిరుపతి విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా వచ్చినా, వీళ్ళు చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కాల్సిందే. కువైట్‌లో ఇప్పుడు సుమారు 10 లక్షలమంది భారతీయులున్నారు. ఆ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు మనవాళ్ళే. తెలుగువాళ్ళలో రాయలసీమ, గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కువ, అందులోనూ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎక్కువ. వీళ్ళు పోయేది ఖాదిమ్ వీసా మీద, అంటే కువైట్ నివాస చట్టంలో 20వ నంబరు ఆర్టికల్ కింద. కంపెనీ పనికి పోయేవాళ్ళది 18వ నంబరు, దాన్ని షూన్ వీసా అంటారు. మన పల్లెల్లో రాజ్యాంగంలోని ఆర్టికళ్ళు తెలియకపోయినా ఈ రెండు నంబర్ల తేడా మాత్రం ఇంటింటికీ తెలుసు.

రూపాయి చెల్లిన ఎడారి

ఇప్పుడు దినారుకు ఎన్ని రూపాయలని లెక్క కట్టుకుంటున్నాం గానీ, 1961 దాకా కువైట్ బజార్లలో చెల్లింది రూపాయే. చివరి రెండేళ్ళు మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేసింది. 1899లో కువైట్ షేక్ బ్రిటిష్‌వాళ్ళతో ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి 1947 దాకా అక్కడి వ్యవహారాలు చూసింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే. 1938లో బుర్గాన్ దగ్గర చమురు పడింది. తవ్వకం హక్కులు ఒక బ్రిటిష్ కంపెనీవి, ఒక అమెరికన్ కంపెనీవి, చెరిసగం. ప్రపంచయుద్ధం అయ్యాక 1946లో మొదటి ఓడ కదిలింది.

ఆ చమురుకు గిరాకీ పెంచింది పక్కింటి గొడవ. 1951లో ఇరాన్ ప్రధాని మొసాద్దిక్ బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశాడు. పశ్చిమ దేశాలు ఇరాన్ చమురు కొనడం మానేశాయి. ఆ లోటు పూడ్చడానికి కువైట్ బావుల నుంచి ఎక్కువ తోడారు. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి మొసాద్దిక్‌ను దించేశాయి. నాలుగేళ్ళకు ఇరాన్ రాజు షా అక్కడ సావాక్ అనే రహస్య పోలీసును నిలబెట్టాడు, అమెరికా శిక్షణతో. చమురు కోసం బయటివాళ్ళు రావడం, వచ్చినవాళ్ళు నిలబెట్టిన ప్రభుత్వం సొంత ప్రజల మీద కన్నేసి ఉంచడం, ఈ రెండూ గల్ఫ్‌లో జంటగానే నడిచాయి. 1973-74లో చమురు ధర ఒక్కసారిగా నాలుగింతలైంది. కువైట్‌లో మేడలు లేచాయి. మేడలో ఊడ్చడానికి, వండడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి మనుషులు కావాలి. సీమలో కరువు ఎప్పుడూ సిద్ధంగానే ఉంది.

ఆ ఆగస్టు రెండో తేదీ

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. షేక్ కుటుంబం సౌదీకి వెళ్ళిపోయింది. చాలామంది యజమానులూ అంతే. ఇంట్లో పనిమనిషి మిగిలింది, ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలో మిగిలింది. బస్సుల్లో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్. దాదాపు 59 రోజుల్లో 488 విమానాల్లో లక్షా 70 వేలకు పైగా భారతీయుల్ని ఇంటికి చేర్చారు. ఒక పౌర విమాన సంస్థ ఇంతమందిని తరలించడం ప్రపంచంలో అదే మొదలని ఎయిర్ ఇండియా పేరు గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016లో దీనిమీద 'ఎయిర్‌లిఫ్ట్' అని హిందీ సినిమా వచ్చింది. అందులో నాయకుడు కోటీశ్వరుడైన వ్యాపారి. గిన్నెలు తోమినామె మీద సినిమా ఎవరు తీస్తారులెండి.

అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంను కౌగిలించుకున్నాడు. ఆ ఫొటో చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు చూసినా ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ లక్షా 70 వేల మంది ప్రాణాలు సద్దాం గుప్పిట్లో ఉన్నప్పుడు మంత్రిగారు ధర్మోపన్యాసం చెప్పాల్సిందని నేననుకోను.

ఆ తర్వాతి ఏడాది మన దేశ చరిత్రలోనే విచిత్రమైంది. 1991 జనవరిలో యుద్ధం మొదలైంది. ఫిలిప్పీన్స్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయే అమెరికా సైనిక విమానాలకు బొంబాయి, ఆగ్రా, మద్రాసుల్లో ఇంధనం పోయడానికి ప్రధాని చంద్రశేఖర్ ప్రభుత్వం ఒప్పుకుంది. తిరుపతికి మూడున్నర గంటల దూరంలోని మీనంబాకంలో దిగి, మన చమురు నింపుకుని, ఆ విమానాలు చమురు దేశం మీది యుద్ధానికి వెళ్ళాయి. మన చమురంటే ఏమిటి, అదీ గల్ఫ్ నుంచి కొనుక్కొచ్చిందే. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న రాజీవ్ గాంధీ గట్టిగా అడ్డుపడ్డాడు. ఫిబ్రవరిలో ఆపేశారు. మార్చిలో రాజీవ్ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసు కానిస్టేబుళ్ళు తచ్చాడుతూ దొరికారు. తమ నాయకుడి మీద నిఘా పెట్టారని కాంగ్రెస్ పార్లమెంటును బహిష్కరించింది, చంద్రశేఖర్ మార్చి 6న రాజీనామా చేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ చూపుకు ఒక ప్రభుత్వం కూలింది. ఎన్నికలొచ్చాయి. మే 21న రాజీవ్‌ను శ్రీపెరుంబుదూరులో చంపేశారు. నెల తిరిగేసరికి పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాడు. నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకొచ్చాడు.

ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఖజానాలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే ఉంది. గల్ఫ్ సంక్షోభంతో చమురు ధర పెరిగింది, కువైట్ నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి. మేలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్‌కు పోయింది. జూలైలో మరో 47 టన్నులు ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల దగ్గర కుదువకు పోయాయి. ఆర్థిక సంస్కరణల గురించి రాసే పెద్దలు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. ఆ ఏడాది పీలేరు ప్రాంతంలో ఎన్ని ఇళ్ళ తాళిబొట్లు మార్వాడీ కొట్లోకి వెళ్ళాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఒక్క విషయంలో మాత్రం న్యాయం జరిగింది. యుద్ధంలో నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇప్పించేందుకు ఐక్యరాజ్యసమితి 1991లో ఒక కమిషన్ పెట్టింది. డబ్బు ఎవరిది? ఇరాక్ చమురుది. అమ్మకాల్లో ఒక దశలో 30 శాతం దాకా ఇందుకే తీసిపెట్టారు. కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన మామూలు మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లు. ఢిల్లీలో విదేశాంగ శాఖ కింద ప్రత్యేక కువైట్ సెల్ తెరిచి అర్జీలు పంపారు. మొత్తం 52 వందల కోట్ల డాలర్ల పైమాటే ఆ కమిషన్ ఇప్పించిన పరిహారం. చివరి కిస్తీ చెల్లించింది 2022లో. వేళ్ళ కోత కేసు బయటపడిందీ ఆ ఏడాదే.

పది వేళ్ళు, రెండు కళ్ళు

2015 జూన్ 26న కువైట్ నగరంలో ఇమామ్ సాదిఖ్ మసీదులో ఆత్మాహుతి దాడి జరిగింది, 27 మంది చనిపోయారు. వారం తిరగకముందే ప్రపంచంలో ఎక్కడా లేని చట్టం వచ్చింది. పౌరులూ, వలసవాళ్ళూ, చూడ్డానికొచ్చినవాళ్ళూ అందరూ డీఎన్ఏ నమూనా ఇవ్వాలి. ఇవ్వనంటే ఏడాది జైలు, 10,000 దినార్ల దాకా జరిమానా. కువైట్ న్యాయవాదులే కోర్టుకెళ్ళారు. 2017 అక్టోబర్ 5న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. సరిగ్గా ఆరు వారాల ముందు, ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. రెండు దేశాల కోర్టులూ అటూ ఇటూగా ఒకే మాట అన్నాయి. రెండు దేశాల్లోనూ మిషన్లు మాత్రం ఆగలేదు.

డీఎన్ఏ పోయింది, బయోమెట్రిక్ వచ్చింది. 2023 నుంచి కువైట్‌లో పది వేళ్ళ ముద్రలు, కంటిపాప, ముఖం తీసుకోవడం మొదలుపెట్టారు. వలసవాళ్ళకు 2024 డిసెంబర్ 31 గడువు. వేయించుకోకపోతే ప్రభుత్వ పనులు ఆగిపోతాయి, బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. జీతం తీసి ఊరికి పంపే ఆడమనిషికి బ్యాంకు ఆగడమంటే ఇంట్లో పొయ్యి ఆగడమే. దానికి తోడు సహెల్ అని ఒక ప్రభుత్వ యాప్. 2025 జూలై 1 నుంచి షూన్ వీసావాళ్ళు సెలవు మీద ఊరికి రావాలన్నా యజమాని అందులో అనుమతి ఇవ్వాలి. తల్లి చచ్చిపోయిందని ఐమోలో కబురొస్తే, ముందు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫోన్‌లో మీట నొక్కాలి.

ఎవరు ఎక్కడున్నారో తెలుసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది, దాన్ని కాదనను. నా అభ్యంతరం ఆ చూపు ఎటువైపు తిరిగి ఉందన్న దాని మీద. కువైట్‌లో 2015లోనే ఇంటి పనివాళ్ళ చట్టం కూడా వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికొక సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు, మరుసటేడు 60 దినార్ల కనీస జీతం. రాత మంచిదే. కానీ 60 దినార్లు ఇవ్వని ఇంటిని పట్టే యాప్ లేదు. దెబ్బలు తట్టుకోలేక ఇల్లు దాటినామె మీద పరారీ కేసు పెట్టడానికి మాత్రం యజమానికి నిమిషాలు చాలు. ఆ క్షణం నుంచి ఆమె ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. దొరికితే జైలు, వేలిముద్ర, డిపోర్టేషన్. అందుకే ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడల్లా, 2018లో, 2020లో కరోనా నడిమధ్యన, మళ్ళీ 2024లో, మన ఎంబసీ ముందు అవుట్‌పాస్ (ఇల్లు చేరడానికిచ్చే ప్రయాణ పత్రం) కోసం బారులు తీరతారు. జరిమానా కట్టకుండా, వేలు కోసుకోకుండా ఇల్లు చేరేందుకు అదొక్కటే దారి.

రెండు వేల జరిమానా

ఇటువైపు మన ప్రభుత్వం సంగతి. పదో తరగతి పాసవ్వనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ముద్ర ఉంటుంది. వాళ్ళు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలి, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఉద్దేశం రక్షణే. జరుగుతున్నది వేరు. 26 ఏళ్ళామెకు బ్రోకరు రెండు వీసా కాగితాలు ఇస్తాడు. విమానాశ్రయంలో చూపడానికి మస్కట్‌కో దుబాయ్‌కో విజిట్ వీసా, చీర మడతలో కువైట్ ఖాదిమ్ వీసా. శంషాబాద్‌లో ఇట్లా పట్టుబడినవాళ్ళ వార్తలు కడప, చిత్తూరు ఎడిషన్లలో చదువుతూనే ఉన్నాం. పట్టుబడేది ఆమె. విమానం దాటిపోయినామె మన రికార్డులో టూరిస్టు. అక్కడ ఏదైనా జరిగితే ఈ-మైగ్రేట్‌లో ఆమె లేనే లేదు.

ఏజెంటుకు శిక్ష ఎంతో చూడండి. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపేవాడికి 1983 ఎమిగ్రేషన్ చట్టంలో రాసిన జరిమానా రెండు వేల రూపాయల దాకా, రెండేళ్ళ దాకా జైలు. రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది. డీఎన్ఏ నమూనాకు ఉమ్మి ఇవ్వనన్న పనిమనిషికి కువైట్ పెట్టబోయిన జరిమానా పది వేల దినార్లు, మనిషిని అమ్ముకున్నవాడికి మనం పెట్టింది రెండు వేల రూపాయలు.

2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడినప్పుడు టీవీలు నెలల తరబడి ఊదరగొట్టాయి. నాయకుల ఫోన్లు, వ్యాపారుల ఫోన్లు. తప్పే, విచారణ జరగాల్సిందే. పది వేళ్ళూ, రెండు కళ్ళూ రెండు ప్రభుత్వాల దగ్గర పెట్టి వచ్చినామె గురించి ఒక్క చర్చా కార్యక్రమం చూసిన గుర్తు నాకు లేదు.

విశాఖపట్నంలో కొండ కింద గుహల్లో 13 లక్షల టన్నుల ముడిచమురు దాచుకునే వీలు చేసుకున్నాం. మంగళూరు, పాదూరు గుహలతో కలిపితే దేశానికి తొమ్మిదిన్నర రోజులకు వస్తుందని లెక్క. చమురు మీదున్న ఈ ముందుచూపు మనుషుల మీదా ఉండాలి. 2025 జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది, కువైట్ కాసేపు గగనతలం మూసేసింది. 1990 నాటి అమ్మాన్ దారి మళ్ళీ అవసరమైతే, కువైట్‌లో ఫలానా ఇంట్లో ఫలానా కలికిరి మనిషి ఉందని మన దగ్గర జాబితా ఉండాలి. విజిట్ వీసా మీద పోయినామె పేరు ఏ జాబితాలోకీ రాదు.

ఇంటింటి వివరాలూ సేకరించడం మన గ్రామ సచివాలయాలకు కొత్త పని కాదు. ఆ ఇంటి నుంచి గల్ఫ్‌కు ఎవరు పోయారు, ఏ వీసా, పంపిందెవరు, ఎంత తీసుకున్నాడు, ఈ నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. మొదటి రెండూ చెప్పాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. చివరి రెండూ పోలీసు స్టేషన్‌కు చేరాలి. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లూ లైసెన్సు నంబర్లూ తెలుగులో, పెద్ద అక్షరాల్లో గోడ మీద రాయించాలి. పీలేరు, రాయచోటి, మదనపల్లె బస్టాండ్ల నుంచి మొదలుపెట్టొచ్చు. బ్రోకర్లు కూర్చునేదీ అక్కడి టీకొట్ల దగ్గరే.