తమంత తాము పోరాడు ఆటలు

శబరి యొడ్డున నున్న చింతూరు పరిసరములలోను, ఆ పైని మన్యపు సంతలలోను కోడిపందెము చూచినవారికి ఒక సంగతి తెలియును. కోడి నెన్నుకొనుట, మేపుట, ఈత కొట్టించి సత్తువ తెచ్చుట, జోడు చూచుకొనుట యజమాని పని. బరిలో విడిచిన పిమ్మట నడుమ నీళ్ళు చల్లి సేదదీర్చుట తప్ప అతడు చేయగలది లేదు. కేకలు వేయవచ్చును, కోడి వినదు. అయినను అతని చూపు బరినుండి మరలదు. నెలల తరబడి తాను చేసిన పని సరియైనదో కాదో ఆ కొద్ది నిమిషములలో తేలుచున్నది గదా! కోళ్ళ రంగులు, తిథులు, దిక్కులు గుణించుటకు కుక్కుటశాస్త్రమే పుట్టినదన్నచో ఈ ముందుచూపులో ఎంత రుచి యున్నదో ఊహింపవచ్చును.

కంప్యూటరు ఆటలు కల్పించువారు ఈ రుచిని చక్కగా పట్టుకొనిరి. ఆటో బ్యాట్లరు అను తెగ ఆటలలో ఆడువాడు తాను దెబ్బ కొట్టడు. యోధుల నెన్నుకొని, ఆయుధముల నమర్చి, చేతులు కట్టుకొని చూచును. 2019 జనవరిలో చైనాకు చెందిన డ్రోడో స్టూడియోవారి డోటా ఆటో చెస్ వెలువడిన పిదప ఈ తెగకు ప్రసిద్ధి వచ్చినది. డంజియన్ క్రాలరు అంతకంటె పాతది: చీకటి నేలమాళిగలలో అంతస్తు వెంట అంతస్తు దిగుచు, భూతములతో పోరి సొమ్ము తెచ్చుకొను ఆట. 1980 నాటి రోగ్ అను ఆటలో మాళిగ ప్రతి పర్యాయము కొత్తగా ఏర్పడును. చచ్చినచో మొదటికే రావలెను.

ఈ రెండింటి పోలికలును గల ఆట లూప్ హీరో. ఫోర్ క్వార్టర్స్ అను చిన్న రష్యను జట్టు దీనిని 2021 మార్చిలో విడుదల చేసినది. 2024లో చేతిఫోనులకును వచ్చినది. ఇందు మాళిగకు బదులు ఒక చుట్టుబాట. వీరుడు తనంత తాను నడచును, తనంత తాను పోరును. మన పని అతనికి ఆయుధములు తొడుగుట, బాట చుట్టును కొండలు, అడవులు, పచ్చిక బయళ్ళు పరచుట. పచ్చిక ప్రతిదినము కొంత ప్రాణము పోయును. కొండ అతని ఆయుర్బలమును పెంచును. కాని తొమ్మిది కొండలు చదరముగా కూడినచో శిఖరమై, అందుండి రెక్కల రక్కసులు దిగివచ్చును. మేలు చేయునదే కీడును తెచ్చును. పోనీ, ఏమియు పరవక ఊరకుందమా? నేల నింపనిదే అసలు శత్రువు ఎదుటికి రాడు.

మా దృష్టిలో ఈ ఆటకు ప్రాణమైన ఘట్టము మరలుట. చుట్టు ముగించి శిబిరము చేరినప్పుడు ఇంటిదారి పట్టినచో కూడబెట్టిన సామగ్రి అంతయు దక్కును. నడుమ వెనుదిరిగినచో నూటికి 60 పాళ్ళు. వీరుడు కూలినచో 30 మాత్రమే. పోరులో మనకు చేయి లేదు గాని, ఎప్పుడు చాలించవలెనో నిర్ణయించు భారము మనదే. “ఇంకొక్క చుట్టు” అను ఆశ అనేకులను ముంచును.

పందెపుకోడికి ఇట్టి మరలుట లేదు. కత్తి కట్టిన బరిలో కోడి చచ్చును, కూలివాని వారపు సంపాదన జూదమున పోవును. జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. పందెము కాచుటయు నేరమే. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది. లూప్ హీరో ఆ కోవకు చెందదు. వెల చెల్లించి కొన్న పిమ్మట ఇందు ఒడ్డవలసిన సొమ్ము లేదు, పోవునది కాలమే. అదియు తక్కువది కాదు. పిల్లవానిని భోజనమునకు పిలువదలచిన తల్లి, వీరుడు శిబిరము చేరు వేళ కనిపెట్టి పిలుచుట మేలు. అప్పుడు పేచీ తక్కువ: వానికి నూటికి నూరును దక్కును.