వెదురు ఆర్గన్

చర్చి ఆర్గన్ అనగానే లోహపు గొట్టముల వరుస కన్నులకు కట్టును. కమ్మరి కొలిమితిత్తివలె ఒక తిత్తి గాలిని నింపును. మీట నొక్కినంతనే ఆ గాలి గొట్టములో దూరి స్వరమగును. ఫిలిప్పీన్స్‌లో మనీలా చెంతనున్న లాస్ పిన్యాస్ చర్చిలోని ఆర్గన్ మాత్రము వేరు. దాని 1031 గొట్టములలో 902 వెదురువే!

వేణువు నెరిగిన మనకు ఇది వింత కాకపోవచ్చును. కాని వెదురునకు పురుగు పరమశత్రువు. దీనిని 1816లో ప్రారంభించిన డియేగో సెరా అను స్పెయిన్ దేశపు మతగురువు, వెదుళ్లను నెలల తరబడి సముద్రపుటిసుకలో పాతిపెట్టి, చెడనివానినే ఏరుకొనెను. బూరధ్వని పలుకు గొట్టములను మాత్రము లోహముతో చేయించి, 1824లో పని ముగించెను. ఇంతటి ఓర్పు మా ఎరుకలో అరుదు.

తరువాతి కథ దుఃఖకరము. భూకంపములు, తుఫానులు చర్చిని దెబ్బతీసెను. ఆర్గన్ పాడై, చాలకాలము సరిగా పలుకలేదు. తుదకు 1973లో దానిని విప్పి జర్మనీలోని బాన్ నగరమునకు, క్లైస్ వారి కర్మశాలకు పంపిరి. అచటి పొడిగాలికి వెదురు బీటలువారునని, ఫిలిప్పీన్స్ వేడిమిని, తేమను ఒక గదిలో కల్పించి అందు మరమ్మతు చేసిరి. పుట్టినింటి గాలిని పరదేశమున సృష్టించిన ఈ శ్రద్ధయే మమ్ము మిక్కిలి ఆకర్షించినది. 1975లో ఆర్గన్ స్వస్థలము చేరి మరల మ్రోగెను.