ప్రయోగ తరగతుల ఆన్‌లైన్ బోధన: స్ప్రేయరు కాలిబ్రేషన్ ఒక ఉదాహరణ

వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలో కోర్సు పేరు పక్కన 2+1 వంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె సిద్ధాంత బోధనకు, రెండవది ప్రయోగ తరగతికి కేటాయించిన క్రెడిట్లను తెలుపుతుంది. 2020లో కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడినపుడు సిద్ధాంత బోధన ఆన్‌లైన్‌లో కొనసాగింది. ప్రయోగ తరగతి మాత్రం తరచుగా వీడియో ప్రదర్శనకే పరిమితమైంది. వీడియో చూసిన విద్యార్థి పద్ధతిని వివరించగలడు; స్వయంగా చేయగలడని చెప్పలేము. పనిని విద్యార్థికే అప్పగించి, అతడు కొలిచిన ఫలితాన్ని ఆన్‌లైన్‌లో పరీక్షించినపుడే ఈ లోపం కొంతవరకు తీరుతుంది.

విద్యార్థి చేయవలసిన పని

వీపున తగిలించుకొనే 16 లీటర్ల స్ప్రేయరు గ్రామాలలో సులభంగా లభిస్తుంది. చేతి తొడుగులు ధరించి దానిని బాగా కడిగి, మంచినీటితో మాత్రమే ప్రయోగం చేయాలి. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల స్థలాన్ని గుర్తించాలి. ఇది దాదాపు ఒక సెంటు. ట్యాంకులో ఒక గుర్తు వరకు నీరు నింపి, అలవాటైన నడకతో ఆ స్థలమంతా పిచికారి చేయాలి. తిరిగి అదే గుర్తు వరకు నింపడానికి పట్టిన నీటిని కొలపాత్రతో కొలవాలి. మూడుసార్లు చేసి సగటు తీసి, 100తో హెచ్చిస్తే ఎకరాకు పట్టే నీరు తెలుస్తుంది.

ఫలితాల విశ్లేషణ

సెంటుకు 2 లీటర్లు పడితే ఎకరాకు 200 లీటర్లు, అనగా 12.5 ట్యాంకులు అవసరం. ఎకరాకు 400 మి.లీ. మందు వాడవలసి ఉంటే ట్యాంకుకు 32 మి.లీ. కలపాలి. వేగంగా నడిచే విద్యార్థికి సెంటుకు 1.5 లీటర్లే పట్టవచ్చు. అతడు కూడా ట్యాంకుకు 32 మి.లీ. కలిపితే ఎకరాకు 300 మి.లీ. మాత్రమే చేరి, పురుగు అదుపులోకి రాదు. నెమ్మదిగా నడిచి 2.5 లీటర్లు వాడితే ఎకరాకు 500 మి.లీ. చేరి, ఖర్చుతో పాటు పంటపై మందు అవశేషాలు పెరుగుతాయి. అందరి కొలతలను ఒకే పట్టికలో చూపినపుడు నడక వేగం, పంపు కొట్టే తీరు, నాజిల్ అరుగుదల అనే కారణాలను విద్యార్థులే గుర్తించగలరు.

మూల్యాంకనం, పరిమితులు

మూడు కొలతలు, లెక్క, పిచికారి చేస్తూ తీసిన చిన్న వీడియో కలిపి మార్కులు కేటాయించాలి. నెట్‌వర్క్ సరిగా లేని విద్యార్థుల నుండి కొలతలను ఫోను ద్వారా సేకరించవచ్చు.

అయితే అన్ని నైపుణ్యాలు కొలతకు లొంగవు. అంటు కట్టేటపుడు కత్తిపై ఉంచవలసిన ఒత్తిడి, మట్టిని వేళ్ల మధ్య నలిపి నేల స్వభావాన్ని గుర్తించడం వంటివి ఉపాధ్యాయుని సమక్షంలోనే అలవడతాయి. కావున కొలిచి చూపగల ప్రయోగాలను ఆన్‌లైన్‌కు మార్చి, క్షేత్రంలో లభించే పరిమిత సమయాన్ని స్పర్శతో నేర్వవలసిన పనులకు కేటాయించడం ఉచితం.