చేతికి తెలిసిన తుపాకీ

1907లో కుమావూఁ కొండల్లోని చంపావత్ దగ్గర ఒక ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ ఒక రైఫిల్ బహూకరించాడు. నేపాల్‌లో 200 మందిని, ఇటు కుమావూఁలో 236 మందిని పొట్టన పెట్టుకున్న పులి అది. రైఫిల్ లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చెక్కిన వెండి బిళ్ళ ఒకటి దాని బట్‌కి బిగించి ఉంటుంది. కార్బెట్ దగ్గర చాలా తుపాకులే ఉండేవి. కానీ ఆయన పేరు చెప్పగానే తుపాకులు తెలిసినవాళ్ళకు గుర్తొచ్చేది ఈ .275 రిగ్బీయే.

దాని విలువ కార్బెట్‌కు ఎంతగా తెలుసో అర్థం కావాలంటే, ఆ పులిని ఆయన ఏ తుపాకీతో చంపాడో చూడాలి. ఆ రోజు వెంట తీసుకెళ్ళింది .500 బోరు రైఫిల్, మూడే మూడు తూటాలు. మూడూ పేల్చేశాడు. దెబ్బతిన్న పులి ఎదురుగా ఉంది, చేతిలో తుపాకీ ఖాళీ. కొండెక్కి పరుగెత్తి, వేటకు వెంట వచ్చిన తహసీల్దారు చేతిలోని తుపాకీ లాక్కుని మళ్ళీ కిందికి పరుగెత్తాడు. తీరా చూస్తే దాని గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య సందు ఉంది. పేలిస్తే ముందుకు పోవాల్సిన మంట ముఖం మీదికే రావచ్చు. తప్పదు కాబట్టి పేల్చాడు. పులి నోటికి గురిపెడితే గుండు పోయి పంజాకు తగిలింది. అప్పటికే పులికి ప్రాణం పోతోంది కాబట్టి సరిపోయింది. ఎవరిదో తుపాకీ ఎటు కొడుతుందో తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషికి బహుమతిగా దొరికింది ఆ రిగ్బీ.

ఇష్టమైన రైఫిల్ ఏది అని వేటగాళ్ళను అడిగితే, వినేవాళ్ళు సాధారణంగా దాని బలం గురించే చెప్తారనుకుంటారు. ఎంత లావు గుండు, ఎంత దూరం, ఎంత పెద్ద జంతువు. ఆ లెక్కన చూస్తే కార్బెట్ రిగ్బీ చిన్నపిల్ల. గుండు మందం 7 మిల్లీమీటర్లు, బరువు 9 నుంచి 11 గ్రాములు. ఆయన దగ్గరే ఉన్న జెఫ్రీ కంపెనీ .450/400 జోడు గొట్టాల రైఫిల్ ఒక్కో దెబ్బకు 26 గ్రాముల గుండు వదులుతుంది. పులి మీదికి పోయేటప్పుడు ఆయన దాన్ని కూడా చాలాసార్లు పట్టుకెళ్ళాడు. రెంటికీ వేర్వేరు గుణాలు, వేర్వేరు భరోసాలు.

జోడు గొట్టాల రైఫిల్ అంటే నిజానికి ఒకే కర్రకు అమర్చిన రెండు తుపాకులు. రెండు గొట్టాలు, రెండు గుర్రాలు. ఒకటి పేలకపోయినా రెండోది పేలుతుంది. రెండో దెబ్బకు చెయ్యి కదపనక్కర్లేదు, చప్పుడు చెయ్యనక్కర్లేదు. పొదలో దాక్కున్న జంతువుకు బోల్ట్ లాగిన టక్కుమనే శబ్దం ఎంత పెద్ద కబురో అడవిలో తిరిగినవాళ్ళకు తెలుసు. పైగా .450/400 తూటా డొక్కు పెద్దది, లోపలి ఒత్తిడి తక్కువ. ఆ కాలపు కార్డైట్ మందు ఎండకు వేడెక్కితే ఒత్తిడి పెరిగి, కాల్చిన డొక్కు గొట్టంలోనే బిగుసుకుపోయేది. మన ఎండల్లో తిరిగే షికారీలు ఈ బోరును అంతగా ఇష్టపడ్డారంటే దాని బలం ఒక్కటే కాదు, కాల్చాక డొక్కు సులువుగా ఊడి రావడం కూడా కారణం.

రిగ్బీలోని యంత్రం జర్మన్ మౌజర్‌ది. దాని బోల్ట్‌కు ఒక పొడవాటి ఉక్కు గోరు ఉంటుంది. తూటా అరలోంచి పైకి వస్తుండగానే ఆ గోరు దాని అంచును పట్టేసుకుంటుంది. గొట్టంలోకి నెట్టి, కాల్చి, బయటికి విసిరేదాకా వదలదు. తుపాకీని తలకిందులుగా పట్టుకుని బోల్ట్ ఆడించినా తూటా జారిపడదు. కంగారులో బోల్ట్ సగం తోసి వెనక్కి లాగినా అదే తూటా తిరిగొస్తుంది, రెండు తూటాలు ఇరుక్కోవు. 1898 నాటి ఈ ఏర్పాటును ఇవాళ్టికీ పెద్ద జంతువుల వేట రైఫిళ్ళలో వాడుతున్నారు.

యంత్రం ఎంత మంచిదైనా మనిషికి కుదరాలి. భుజానికి ఆనే బట్ నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం చేతి పొడవును బట్టి ఉండాలి. ఎక్కువైతే చంకలో తట్టుకుంటుంది, తక్కువైతే పేలినప్పుడు బొటనవేలు వచ్చి ముక్కుకు కొట్టుకుంటుంది. బట్ పైఅంచు చెంపకు ఎక్కడ ఆనుతుందో దాన్ని బట్టి కన్ను గురికి సరిగ్గా వెనక నిలుస్తుంది. కుదిరిందో లేదో తేల్చడానికి పాతకాలం నుంచీ ఒక పరీక్ష ఉంది. ఖాళీ తుపాకీని నడుం దగ్గర పట్టుకుని, ఎదురుగా ఉన్న గుర్తును ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని భుజానికెత్తాలి. కళ్ళు తెరిచేసరికి గొట్టం చివరి గురి ఆ గుర్తు మీదే ఉంటే ఆ తుపాకీ ఆ మనిషిది. తల వంచి, మెడ చాచి, కన్ను వెతుక్కోవాల్సి వస్తే ఎంత ఖరీదైనా కాదు. మసక చీకట్లో మంచె మీద కూర్చున్నవాడికి గురి వెతుక్కునే వ్యవధి ఉండదు మరి.

1930 ఏప్రిల్ 11న చౌగఢ్ పులి దగ్గర కార్బెట్‌కు ఆ వ్యవధి అసలే లేకపోయింది. సర్కారు లెక్కలో 64 మందిని చంపిన పులి అది. ఎండిన వాగులో నడుస్తూ ఆయన దారిలో ఒక పక్షి గూటిలో రెండు గుడ్లు చూశాడు. గుడ్లు సేకరించే అలవాటున్న మనిషి. వాటి ఆకారం కొత్తగా అనిపించి, నాచులో చుట్టి ఎడమ చేతిలో పట్టుకున్నాడు. కుడి చేతిలో తేలికపాటి రైఫిల్, గుండెకు అడ్డంగా. ఒక పెద్ద బండ పక్క నుంచి జారి కిందికి దిగి, కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తే ఎనిమిది అడుగుల దూరంలో పులి ముఖం. గొట్టమేమో అవతలి వైపుకు తిరిగి ఉంది. ఉన్నట్టుండి కదిలితే పులి దూకుతుంది. అందుకే ఒంటి చేత్తో, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా, గొట్టాన్ని ముప్పాతిక చుట్టు తిప్పాడు. పులి కన్ను ఆయన కన్ను మీంచి కదల్లేదు. చెయ్యి పూర్తిగా చాచి ఉండగానే ట్రిగ్గర్ నొక్కాడు.

బతికి బయటపడ్డాక దాని గురించి రాస్తూ ఆయన చెప్పిన లెక్క నాకు చాలా నచ్చుతుంది. చేతిలో గుడ్లు ఉండబట్టే బతికాను అన్నాడు. లేకపోతే రెండు చేతులూ రైఫిల్ మీద ఉండేవి, చటుక్కున తిరగబోయేవాణ్ణి, పులి దూకేది. అలాగే రైఫిల్ తేలికది కాబట్టే బతికాను అనీ అన్నాడు. ఐదు కిలోల జోడు గొట్టాల తుపాకీని ఒంటి చేత్తో అలా తిప్పి, చెయ్యి చాచి పేల్చడం ఎవరి తరమూ కాదు. అంతా అయ్యాక గుడ్లను తీసుకెళ్ళి గూటిలో పెట్టేశాడు. అరగంటకు తల్లిపక్షి వచ్చి వాటి మీద కూర్చుంది.

తేలిక తుపాకీ మీద ఇష్టాన్ని ఇంకో కొసకు తీసుకెళ్ళినవాడు స్కాట్లండ్ మనిషి డబ్ల్యు.డి.ఎం. బెల్. ఆఫ్రికాలో దంతాల కోసం 1,011 ఏనుగులను చంపాడు. చాలామటుకు ఇదే .275 రిగ్బీ తూటాతోనే. చచ్చిన ఏనుగుల పుర్రెలు కోయించి, ఏ వైపు నుంచి చూస్తే మెదడు ఎక్కడ ఉంటుందో నేర్చుకున్నాడు. లావు గుండు తప్పు చోట తగలడం కన్నా సన్న గుండు సరైన చోట తగలడం మేలు అన్నది అతని సిద్ధాంతం. పెద్ద తుపాకులు భుజాన్ని తన్నే తన్నుకు భయపడి మనిషి పేల్చే ముందే కన్ను మూస్తాడు, గురి అక్కడే పోతుంది అన్నది నిజమే. కానీ ఆ 1,011 అన్న అంకె దగ్గరకొచ్చేసరికి నాకు అతని నైపుణ్యం మీద మెప్పు మిగలదు. తుపాకీ మీద ప్రేమ గురించి రాసే పుస్తకాల్లో అవతల ఉన్న జంతువు సాధారణంగా ఒక దూరం, ఒక కోణం అయిపోతుంది. కార్బెట్ ఆ దారిలో చివరిదాకా పోలేదు, తర్వాత్తర్వాత పులులను సినీ కెమెరాతో పట్టుకోవడమే ఎక్కువ ఇష్టపడ్డాడు.

మన అడవుల్లో తిరిగిన తుపాకీ మాట కూడా చెప్పుకోవాలి. కెన్నెత్ ఆండర్సన్ 1910లో మన బొల్లారంలోనే పుట్టాడు, బెంగళూరులో స్థిరపడ్డాడు. గాజులపల్లి, బసవాపురం, చలమ, దిగువమెట్ట అంటూ నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలలో పోయే రైలు స్టేషన్ల చుట్టూ నడిచిన పులి కథ ఒకటి రాశాడు. చామల లోయ, మామండూరు కథలు వేరే. వాటన్నిట్లోనూ పాత్రలా వచ్చిపోయేది ఆయన .405 వించెస్టర్. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1895 మోడల్ అది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడ్డీని కిందికి లాగి పైకి నొక్కితే కొత్త తూటా ఎక్కుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వెళ్ళినప్పుడు ఈ తుపాకీనే సింహాల పాలిట మందు అని మెచ్చుకున్నాడు.

అంతకుముందు వించెస్టర్లలో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండేవి. వెనక తూటా మొన ముందు తూటా వెనకనున్న టోపీని పొడిచే ప్రమాదం ఉండేది కాబట్టి మొనదేలిన గుండ్లు వాడేందుకు వీల్లేదు. 1895 మోడల్‌లో తూటాలను పెట్టెలో ఒకదానిపై ఒకటి పేర్చారు, ఆ చిక్కు పోయింది. అయినా ఆండర్సన్ కాలానికే అది పాతబడిన తుపాకీ. కొత్త రకాలు వచ్చినా ఆయన మార్చలేదు. మంచిదో కాదో అన్న తర్కం కన్నా, ఇరవై ముప్పై ఏళ్ళు అది ఎలా ప్రవర్తిస్తుందో చూసి ఉండటం ముఖ్యం. ప్రతి రైఫిల్‌కూ ఒక స్వభావం ఉంటుంది. వానాకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బి గొట్టాన్ని నొక్కితే గుండు పక్కకు పోతుంది. నాలుగు గుండ్లు కాల్చి గొట్టం వేడెక్కాక ఐదోది ఇంకో చోట పడుతుంది. ఒక కంపెనీ తూటాకు సరిపోయిన గురి ఇంకో కంపెనీ తూటాకు సరిపోదు. ఇవన్నీ తెలిసిన పాత తుపాకీని వదిలి కొత్తది పట్టడమంటే, కరిచే కాళ్ళజోడును మళ్ళీ మొదటి నుంచి అలవాటు చేసుకోవడం.

ఒక్కోసారి ఎంపిక మనిషిది కాకుండా సర్కారుది అవుతుంది. గత శతాబ్దపు మొదటి పదేళ్ళలో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరును భారతదేశంలోనూ సూడాన్‌లోనూ నిషేధించింది. తిరగబడేవాళ్ళ చేతిలో ఉన్న పాత మార్టినీ రైఫిళ్ళకు ఆ గుండ్లు అందకూడదని. లండన్ తుపాకీ కంపెనీలు వెంటనే .465, .470 అంటూ రవంత మార్చిన బోర్లు పుట్టించాయి. స్వతంత్రం వచ్చాక కూడా అదే తర్కం నడిచింది. సైన్యం వాడిన .303 పౌరులకు నిషిద్ధం, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళకోసం .315 చేసి అమ్మింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక క్రమంగా వేటే పోయింది. ఇళ్ళలో తాతలనాటి తుపాకులు మిగిలాయి. ఎన్నికల ప్రకటన రాగానే వాటిని పోలీసు స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకోవడం, ఫలితాలొచ్చాక విడిపించుకోవడం లైసెన్సుదారులకు అలవాటైన పని.

2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించి ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. ముసాయిదాలో ఒకటే అన్నారు, అభ్యంతరాలు వచ్చాక రెండయింది. మూడున్నవాళ్ళు ఏడాదిలోగా ఒకటి అప్పగించాల్సి వచ్చింది. పనికొచ్చేదీ పెద్దల గుర్తూ వేరువేరైతే ఏది ఉంచుకోవాలి అన్న తగువుకు చట్టంలో జవాబు ఉండదు. నాకు తోచినంతలో, వేట లేని దేశంలో రైఫిల్ పనికొచ్చేదేముంది, గుర్తునే ఉంచుకోవాలి.

క్రీడాకారులకు మాత్రం రైఫిల్ ఇంకా పనిముట్టే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. గుండు 4.5 మిల్లీమీటర్లు. చెంప ఆనే చెక్కనూ భుజానికి ఆనే పట్టీనీ మిల్లీమీటర్లలో జరుపుకుంటూ ఏళ్ళ తరబడి ఒక్క మనిషి ఒంటికే దాన్ని కుదిర్చుకుంటారు. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా సరిచూసుకోవడానికి కాల్చిన గుండు నాలుగు గీత దగ్గర పడింది. ఆ స్థాయి షూటర్‌కు అది జరగని పని. గురి ఎలా కదిలిందో ఆరా తీసే సమయం లేదు. తప్పు తనదా, రైఫిల్‌దా అన్నది ఆ క్షణంలో తేల్చుకోవాలి. తన చెయ్యి మీద నమ్మకం పెట్టి, గురి మరను వరసగా తిప్పుకుంటూ పోయాడు. అసలు పోటీ మొదలయ్యాక తొలి గుండు 10.7. చివరి గుండు ముందు ఫిన్లండ్ షూటర్ హెన్రీ హాకినెన్, బింద్రా సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు. 9.7 కొట్టిన హాకినెన్ మూడో స్థానానికి జారాడు.