చెరువునకు పోవు పిల్లలు – పంపు పెద్దలు

వేసవి సెలవులు వచ్చినంతనే మన పిల్లల కాళ్లు చెరువు వైపునకు నడచును. ఇది నేటి మాట కాదు. మేమును చిన్నతనమున నడుమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని ఈత నేర్చినవారమే. కావున చెరువు వలదని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. చెరువును ఎరిగి దిగవలెనని చెప్పుటకే వ్రాయుచున్నాము.

గడచిన వేసవిలో మా పాఠశాలలో రెండవ తరగతి చదువు బాలుడొకడు అవ్వ వెంట చెరువునకు పోయెను. అవ్వ మెట్లపై బట్టలు పిండుచుండెను. బాలుడు మూడవ మెట్టు దాటి జారెను. కేక లేదు, పిలుపు లేదు. తల మునిగి తేలుచుండగా, ఆడుకొనుచున్నాడని అవ్వ తలచెను. దగ్గరలో పశువులను కడుగుచున్న రైతు చూచి, పలుపు త్రాటి కొనను గట్టుపైనున్న వారి చేతికిచ్చి, రెండవ కొనను తన నడుమునకు చుట్టుకొని దిగి బాలుని ఎత్తెను. బిడ్డ బ్రతికెను. ఆ మెట్ల ప్రక్కనే హెచ్చరిక పలక యున్నది. అందు తమిళమున "ఆళం", అనగా "లోతు", అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. తెలుగు మాత్రమే చదువనేర్చిన అవ్వకు అవి వట్టి గీతలు. బాలునికా, అక్షరములు ఇంకను కూడబలుకుకొను వయస్సు.

మునుగువాడు కేకలు వేయునని మనము తలంతుము. నిజమునకు ఊపిరి పీల్చుటకే నోరు చాలనివాడు ఎట్లు పిలువగలడు? మునుగుట తరచుగా నిశ్శబ్దముగనే జరుగును. 2021వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో ఇంచుమించు నాలుగవ వంతు అయిదేండ్లలోపు పసివారు.

ఇక చెరువు కట్టడమును గూర్చి రెండు మాటలు. హోసూరు సీమలోని ఏరులు, అనగా మన చెరువులు, పెక్కు సేద్యమునకై కట్టబడినవి. వాన నీరు వచ్చు ఎగువ భాగమున నేల పలుచగా వాలియుండును. కట్ట దగ్గర, అందును తూము దగ్గర, నీరు మిక్కిలి లోతు. మనము మాత్రము కట్టపై సుఖముగా నడచిపోయి, అక్కడి మెట్లనుండియే దిగుదుము. పోవుటకు సులువైన చోటే లోతైన చోటు. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి.

రెండవది, కంటి మోసము. నీటిలోనుండి వెలువడు కాంతి వంగుటచే అడుగు నేల పైకి వచ్చినట్లు కనబడును. తేటనీటిలో నిట్టనిలువుగా చూచినను 4 అడుగుల లోతు 3 అడుగులుగానే తోచును. ఏటవాలుగా చూచిన ఇంకను తక్కువగా తోచును. 4 అడుగులు పెద్దలకు ఛాతీవరకే. ఏడేండ్ల బిడ్డకు మునక. పైగా మట్టి త్రవ్వుకొనిపోయిన గుంతలు బురద నీటిలో ఎవరికిని కానరావు.

కావున ప్రతి యింటను ఈ నియమములు పాటింపవలెనని కోరుచున్నాము.

ఒకటి: పెద్దల తోడు లేక పిల్లలు చెరువునకు పోరాదు. తోడు వచ్చినవారు ఇతర పనిలో మునుగరాదు. ఈత రాని బిడ్డ చేయి చాచిన అందునంత దూరముననే యుండవలెను.

రెండు: తూము దగ్గరను, అలుగు దగ్గరను దిగరాదు. తూము తెరచినపుడు నీటి లాగుడు బలిసిన మనిషినైనను నిలువనీయదు. అలుగు పారు దినములలో నీటి దరికే పోరాదు.

మూడు: గట్టుపైనుండి తలక్రిందులుగా దుముకరాదు. క్రింద రాయి యున్నదో, గుంత యున్నదో తెలియదు. కాళ్లతో నేలను తడవుచు మెల్లగా దిగవలెను.

నాలుగు: నీరు పచ్చగా చిక్కబడి తెట్టు కట్టిన దినములలో స్నానము మానవలెను. కాలిపై పుండున్నవారు దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన ఎలుక జ్వరము సోకవచ్చును.

అయిదు: ఎవరైన మునుగుచున్నచో ఈత వచ్చినవారైనను వెంటనే దుముకరాదు. మునుగువాడు రక్షించువానిని కౌగిలించి ఇరువురిని ముంచును. కఱ్ఱ చాపవలెను, చీరయో పంచెయో విసరవలెను, మూత బిగించిన ఖాళీ డబ్బా యైనను తేలుచు ఆధారమగును. కేకవేసి తోడు పిలిచి, 112 లేక 108 సంఖ్యకు ఫోను చేయించవలెను.

గట్టునకు చేర్చిన పిదప పొట్ట నొక్కుట, కాళ్లు పట్టి గిరగిర త్రిప్పుట మన ఊళ్లలో వాడుక. ఇది మేలు చేయదు. విలువైన నిమిషములను పోగొట్టును. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి నోటిలోనికి 5 మారులు గాలి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ 30 మారులు బలముగా వేగముగా నొక్కి, 2 మారులు ఊదుచు, వైద్యసహాయము వచ్చువరకు మానక చేయవలెను. తెలివి వచ్చినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆరేండ్లు దాటిన బిడ్డకు తెలిసినవారిచేత ఈత నేర్పించుట ఉత్తమమైన కాపుదల. అయినను ఈత వచ్చినంతమాత్రమున ఈ నియమములు రద్దుకావు.

తుదకొక విన్నపము. మన పిల్లలు బడిలో తమిళమును నేర్చుచున్నారు. ఇంటి పెద్దలలో పలువురకు ఆ లిపి రాదు. సెలవులకు ముందే ఒకనాటి సాయంకాలము చెరువు గట్టునకు ఇంటిల్లిపాదియు పోవలెను. పలక మీది అక్షరములను పెద్ద తరగతి బిడ్డ చదివి అవ్వకు తెలుగున చెప్పవలెను. ఆ అవ్వయే చిన్నవానిని దగ్గరకు తీసికొని, తూము ఏదో, లోతు ఎక్కడో వ్రేలితో చూపవలెను. రెండు భాషలు ఎరిగిన ఇంట ఒక్క హెచ్చరికయు చదువకుండ మిగిలిపోరాదు.