దరఖాస్తు పడితేనే కనిపించే చెట్టు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కొత్త వెంచర్ల తంతు చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. జేసీబీ దిగుతుంది, చింతలూ వేపలూ కట్టెల లారీ ఎక్కుతాయి, నేల చదునవుతుంది, హద్దురాళ్లు పడతాయి. ఆ తర్వాత పచ్చదనం పేరిట రోడ్ల పక్కన రాయల్ పామ్‌లు నాటుతారు. వాటి నీడలో సైకిల్ కూడా నిలపలేం. ఇదంతా చట్టం లేక కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. కొన్ని జాతులు మినహా, సొంత పట్టాభూమిలోని చెట్టు కొట్టాలన్నా ముందస్తు అనుమతి కావాలి. చిక్కేమిటంటే, కొట్టేస్తామని దరఖాస్తు పడేదాకా ఆ చెట్టు సర్కారు కాగితాల్లో లేదు. దరఖాస్తు లేకుండా రాత్రికి రాత్రే కొట్టేస్తే, అక్కడొక చెట్టుండేదని చూపించే ఆధారమే ఉండదు.

అందుకే ముందే నమోదు చేయడం ముఖ్యం. బ్రిటన్‌లో స్థానిక కౌన్సిల్ ఒక చెట్టునో చెట్ల గుంపునో మ్యాపులో గుర్తించి రక్షణ ఉత్తర్వు ఇస్తుంది. అది వెంటనే అమల్లోకి వస్తుంది. యజమాని అభ్యంతరాలు విన్నాక ఆరు నెలల్లోగా ఖరారు చేయాలి. ఎండిపోయిన చెట్టుకూ, తక్షణం ప్రమాదం తెచ్చే చెట్టుకూ మినహాయింపు ఉంది. మన చేవెళ్ల మర్రులు చెప్పేదీ ఇదే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పులో తొమ్మిది వందలకు పైగా మర్రులు పోవాల్సింది. పర్యావరణ కార్యకర్తలు వాటిని లెక్కగట్టి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చివరికి చాలావాటిని ఉన్నచోటే ఉంచేలా డిజైన్ మారింది. ఆ లెక్క సర్కారే ముందుగా తీసి ఉంటే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే పనేముంది?

ఒకటి కొడితే పది నాటిస్తున్నాం కదా అంటారు. బృందావనం దగ్గర 454 చెట్లు అక్రమంగా కొట్టిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష చొప్పున జరిమానా ఖాయం చేస్తూ, ఆ పచ్చదనం మళ్లీ రావడానికి కనీసం వందేళ్లు పడుతుందంది. మొక్కల సంఖ్య వయసుకు బదులు కాదు. ఈ సంగతి మహారాష్ట్ర కొంత గ్రహించింది: తన చెట్ల చట్టానికి చేసిన 2021 సవరణలో యాభై ఏళ్లు దాటిన చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తించి, చెట్టు వయసెంతో అన్ని మొక్కలు నాటాలంది.

నా భూమిలో చెట్టు మీద మీ పెత్తనమేమిటన్న రైతు ప్రశ్నను మాత్రం తోసిపుచ్చలేం. ఆంక్షలకు జడిసి చెట్టు ఎదగకముందే నరికేసే ప్రమాదమూ నిజమే. కాబట్టి ప్రతి కొమ్మకూ అనుమతి అడగడం మానేసి, పెద్ద చెట్లకే రక్షణను పరిమితం చేయాలి. వాటిని నిలిపినందుకు పన్నులో రాయితీ ఇవ్వాలి. వెంచర్‌దారుకైతే ఆ మాత్రం నష్టం కూడా లేదు. లేఅవుట్‌లో పార్కుకు ఎలాగూ స్థలం వదలాలి. ప్లాన్‌లో నాలా, హైటెన్షన్ లైను చూపించినట్టే పెద్ద చెట్లనూ చూపించమంటే, పనికిరాని మూలకు నెట్టే ఆ పార్కును చింతలున్న చోటే గీయించవచ్చు.