గ్యాసే మూత: గోళీ సోడా కథ

అహోబిలంలో నవ నారసింహుల దర్శనానికి కొండలెక్కి దిగేవాళ్లకు ఎండాకాలంలో చల్లని సోడా ఎంత హాయో వేరే చెప్పక్కర్లేదు. నిమ్మకాయ పిండించుకుంటారు కొందరు, నన్నారి పోయించుకుంటారు ఇంకొందరు. సోడా కొట్టగానే కీచుమని గ్యాసు, వెనకే నురగ. ఆ నురగను సీసాలో అణచిపెట్టడానికి పెద్ద కథే నడిచింది.

అసలు సోడా పుట్టిందే బీరు తొట్టి పక్కన. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, బీరు పులిసే తొట్లపై తేలే కార్బన్ డయాక్సైడును నీళ్లలోకి ఎక్కించాడు. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. చిక్కల్లా మూతతోనే వచ్చింది. బెండు బిరడా ఎండితే ముడుచుకుపోతుంది, సందులోంచి గ్యాసు జారుకుంటుంది.

దీనికి హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజినీరు 1870ల మొదట్లో విరుగుడు కనిపెట్టాడు. పారిపోవాలని చూసే గ్యాసునే కాపలా పెట్టాడు! సీసా మెడలో ఒక గాజు గోళీ, మూతి లోపల ఒక రబ్బరు వాషరు. సీసాను తలకిందులుగా పెట్టి నీళ్లూ గ్యాసూ నింపితే గోళీ మూతి దగ్గరికి జారుతుంది. ఆపైన లోపలి ఒత్తిడే దాన్ని వాషరుకు అదిమి పట్టుకుంటుంది. గ్యాసు ఎంత తోస్తే మూత అంత బిగుస్తుంది. తాగేటప్పుడు గోళీ మళ్లీ అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు. సీసాను ఆ నొక్కుల వైపు వంచితే గోళీ అక్కడే ఆగిపోతుంది.

మరి నురగ ఎందుకు? ఒత్తిడి ఎంత ఉంటే నీళ్లలో గ్యాసు అంత కరుగుతుందని 1803లో విలియం హెన్రీ తేల్చాడు. వేడి పెరిగితే కరిగేది తగ్గుతుంది. మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీరు 0 డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల గ్యాసును పట్టుకుంటే, 40 డిగ్రీల దగ్గర అర లీటరుకు కాస్త ఎక్కువ పట్టుకుంటుంది. నంద్యాల ఎండలో ఐసు లేని సోడా పొంగిపోవడం అందుకే. గోళీ నొక్కగానే ఒత్తిడంతా ఒక్కసారిగా పడిపోతుంది, నిలవలేని గ్యాసు బుడగలై పైకి తన్నుకొస్తుంది.

పీపాలోంచి బీరు పట్టేవాళ్లు దీన్ని ఇంకో దారిలో సర్దుతారు. పీపాకూ కుళాయికీ మధ్య సన్నటి, పొడవాటి గొట్టం వేస్తారు. గొట్టం గోడల రాపిడికి ఒత్తిడి దారి పొడవునా కొంచెం కొంచెంగా తగ్గి, కుళాయి చేరేసరికి బీరు నెమ్మదిస్తుంది. గొట్టం పొట్టిదైతే గ్లాసు నిండా నురగే. గోళీ సోడాకు అలాంటి గొట్టం లేదు. సర్దుబాటంతా కొట్టేవాడి చేతిలోనే ఉంది.

బుడగ పుట్టాలంటే పట్టు కావాలి. ఉప్పు గింజల గరుకు అంచుల్లో చిక్కిన గాలి ఆ పట్టు ఇస్తుంది. నిండు సోడాలో ఉప్పు వేస్తే గ్లాసు పొంగిపొర్లేది దానివల్లే. ముందు నిమ్మరసంలో ఉప్పు పూర్తిగా కరిగించి, గ్లాసు వంచి గోడ వెంబడి సోడా పోస్తే సగం గొడవ తగ్గుతుంది. బస్సులో కుదుపులు తిన్న సీసానైతే కాసేపు కదపకుండా ఉంచాలి.

1892లో విలియం పెయింటర్ రేకు మూత తెచ్చాక చాలా దేశాల్లో గోళీ సీసా కనుమరుగైంది. మన దగ్గర బతికిందంటే కారణం లెక్కలోనే ఉంది. రేకు మూత ఒక్కసారికే. గోళీ మాత్రం సీసా పగిలేదాకా పనిచేస్తుంది, మళ్లీ కొనక్కర్లేదు.